వీలునామాలో మాట ఎవరిది?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ నేను మాట్లాడబోయేది వీలునామాల గురించి. ఈ మాట వినగానే మీలో కొందరు "శుభమా అని మధ్యాహ్నం పూట ఇదేం మాటమ్మా" అనుకుంటారని నాకు తెలుసు. మన ఇళ్లల్లో వీలునామా అన్నామంటే చావును పేరుపెట్టి పిలిచినట్టే లెక్క. మా అమ్మయితే దీపాలు పెట్టే వేళ ఆ ఊసే ఎత్తనిచ్చేది కాదు. నేనూ అలాగే పెరిగినదాన్ని. నామటుకు నేను కోర్టులూ చట్టాలూ చదువుకున్నదాన్నీ కాను, మెట్రిక్యులేషనుతో పుస్తకాలు కట్టిపెట్టినదాన్ని. అయితే ఒక కాగితం మా ఇంటి గడప తొక్కి వచ్చి, దాని సంగతేమిటో తెలుసుకోక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టింది.

ఓబులదేవరచెరువు దగ్గరి పల్లెలో మా మేనత్త ఉంటుంది. మా నాయనకు అక్క. పిల్లలు లేరు. మామ పోయి చాలా ఏళ్లయింది. మూడెకరాల మెట్ట చేను, బోరు కింద ఎకరా మడి, ఒక పాత మిద్దె, ఒక పాడి ఆవు, ఇదీ ఆమె ఆస్తి. చేను చూసేది మామ తమ్ముడి కొడుకు. ఆ అబ్బాయిని నేను చెడ్డవాడననను. వాన పడ్డ ఏడూ పడని ఏడూ కూడా పొలం బీడు పెట్టకుండా చెనక్కాయ వేసి, తిండిగింజలు కొలిచి పంపిస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఆమెను కనిపెట్టుకుని ఉండేది మాత్రం ఆమె చెల్లెలి మనవరాలు. ఆ పిల్ల లేకపోతే రాత్రిపూట అత్త లేచి మంచినీళ్లు కూడా తాగలేదు.

చెనక్కాయ కట్టె పెరికే రోజుల్లో ఒక సాయంత్రం ఆ అబ్బాయి మా ఇంటికొచ్చి, మా ఇంటాయన చేతిలో ఒక కాగితం పెట్టాడు. "పెద్దమ్మ వీలునామా రాసింది, అందులో నిన్ను పెద్దమనిషిగా వేసింది, ఆమె తదనంతరం నువ్వే నిలబడి జరిపించాల" అన్నాడు. చూద్దుము గదా, నాలుగెకరాలూ మిద్దే ఆ అబ్బాయికే. మా ఆయన పేరు పక్కన "అమలుదారు" అని ఉంది. కింద అత్త వేలిముద్ర.

మా ఆయన సంతోషపడ్డారు. నిజం చెప్పొద్దూ, నేనూ సంతోషపడ్డాను. నలుగురిలో మనల్ని పెద్దమనుషులుగా ఎంచారంటే ఎవరికి బాగుండదు? కానీ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూండగా నాకు తట్టింది. మా అత్తకు సంతకం వచ్చు. బ్యాంకులో పింఛను తీసుకునేటప్పుడు పెద్ద పెద్ద అక్షరాలతో, నాలిక కొస పళ్ల మధ్య పెట్టుకుని, పేరు రాస్తుంది. మరి ఇక్కడ వేలిముద్ర ఎందుకు పడింది?

కదిరిలో మాకు తెలిసిన ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాం. ముందుగా ఆయన అమలుదారు అంటే ఎవరో చెప్పారు. ఇంగ్లీషులో ఎగ్జిక్యూటరంటారు. వీలునామా రాసినవాళ్లు, తాము పోయిన తర్వాత తమ మాట నెరవేర్చమని ఏర్పాటు చేసుకున్న మనిషి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పోయినవాళ్లకు న్యాయ ప్రతినిధి ఆయనే. ఆస్తి ఆయన చేతికి వస్తుంది గాని అనుభవించడానికి కాదు. అప్పులుంటే తీర్చి, ఎవరికి ఏది రాసి ఉందో వారికి అప్పగించడానికి. అంటే పెళ్లివారింట్లో సామాను గది తాళంచెవి పట్టుకుని తిరిగే మనిషన్నమాట. గది ఆయనది కాదు, సామానూ ఆయనది కాదు, చెంబు తగ్గితే అడిగేది మాత్రం ఆయన్నే. ఇష్టం లేకపోతే ఈ పని నాకొద్దని తప్పుకునే వీలు కూడా ఉంది.

"మరి వీలునామా అబద్ధమని ఎవరైనా అంటేనో?" అని మా ఆయన అడిగారు. "అది నిజమని కోర్టులో రుజువు చేయవలసిన భారం నీ నెత్తినే పడుతుంది" అన్నారు ప్లీడరుగారు. అని, ఒక పాత కేసు చెప్పారు. మన హిందూపురం దాటితే కర్ణాటకే గదా. 1973 దాకా దాని పేరు మైసూరు రాష్ట్రం. ఆ మైసూరులో పుట్టిన కేసు అది. ఇన్నేళ్లయినా, మన రాష్ట్రంలో ఏ వీలునామా తగాదా వచ్చినా వకీళ్లు ముందు ఆ తీర్పే తీస్తారట.

లక్ష్మమ్మ అనే ఆమె 1945లో ఒక వీలునామా రాసిందని, అందులో తనను అమలుదారుగా నియమించిందని హెచ్. వెంకటాచల అయ్యంగార్ అనే ఆయన దావా వేశారు. వారసుడి హోదాలో కాదు, అమలుదారు హోదాలోనే. ఆయన కోరినవి రెండు. ఈ ఆస్తి లక్ష్మమ్మదే, ఇష్టమొచ్చినవారికి వీలునామాతో ఇచ్చుకునే హక్కు ఆమెకుందని చెప్పండి అన్నది ఒకటి. ఆస్తిని నాకు స్వాధీనం చేయించండి అన్నది రెండోది. అవతలి పక్షంలో బి.ఎన్. తిమ్మజమ్మ మొదలైనవారు. కింది కోర్టులో అమలుదారు గెలిచారు. అప్పీలులో మైసూరు హైకోర్టు ఆ తీర్పును తిరగ్గొట్టి దావా కొట్టేసింది. ఆయన ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1958 నవంబరు 13న అక్కడా ఓడిపోయారు. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ గజేంద్రగడ్కర్.

ఎందుకు ఓడిపోయారు? ఇక్కడే అసలు సంగతి ఉంది.

మామూలు కాగితానికీ వీలునామాకూ ఒక పెద్ద తేడా ఉంది. నేను మీ దగ్గర చేబదులు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాననుకోండి. రేపు తగాదా వస్తే నేను కోర్టుకొచ్చి "ఈ సంతకం నాదే" అనో, "నాది కాదు" అనో చెప్పగలను. వీలునామా నోరు విప్పేది, రాసిన మనిషి నోరు మూతపడ్డ తర్వాత. ఆమెను లేపి "అమ్మా, ఇది నువ్వు చెప్పిన మాటేనా?" అని అడగలేం. అందుకని జడ్జీలు ఆమె బదులు తామే అడుగుతారు. ఆమెకు అప్పుడు మతి స్థిమితంగా ఉందా? ఎవరికి ఏమి ఇస్తున్నదో, ఇచ్చినందువల్ల ఏమవుతుందో ఆమెకు తెలుసా? కాగితంలో ఉన్నది తెలిసి, తన ఇష్టప్రకారం సంతకం పెట్టిందా? ఈ మూడు ప్రశ్నలకూ కోర్టు మనస్సాక్షి తృప్తిపడాలి అన్నారు. నూటికి నూరుపాళ్లు లెక్కల్లో మాదిరి రుజువు అక్కర్లేదట. వివేకం గల మనిషికి నమ్మకం కుదిరితే చాలు.

అయితే కొన్ని కొన్ని సంగతులు నమ్మకాన్ని వెనక్కి లాగుతాయి. సంతకం వణికిపోయి అనుమానంగా ఉండడం ఒకటి. రాసిన మనిషి మంచానపడి మనసు బలహీనంగా ఉండడం ఒకటి. ఇచ్చిన తీరు లోకంలో ఎవరూ అలా ఇవ్వరు అనిపించేలా ఉండడం మరొకటి. వీటన్నిటికంటే నాకు గుండెల్లో రాయి పడ్డది ఇంకొకటి. ఆ వీలునామా వల్ల గట్టిగా లాభపడే మనిషే ముందు నిలబడి దాన్ని రాయిస్తే, అదే ఒక అనుమానాస్పద పరిస్థితి. అలాంటప్పుడు ఆ అనుమానాలన్నీ తుడిచిపెట్టవలసింది వీలునామాను పట్టుకొచ్చిన మనిషే. ఎదుటివాళ్లు మోసమని నిరూపించనక్కర్లేదు. వెంకటాచల అయ్యంగార్ గారి కేసులో, వీలునామా తయారు కావడంలో ఆయన పాత్ర చాలా ఉందని కోర్టు గమనించింది. ఆ అనుమానాలను ఆయన తొలగించలేకపోయారని తేల్చింది. లక్ష్మమ్మ మనసులో నిజంగా ఏముందో మనకెవరికీ తెలియదు. ఆమె మనసారానే ఆ మాటలు చెప్పి ఉండవచ్చు కూడా. చెప్పినా సరే, అవి ఆమె మాటలేనని కోర్టుకు నమ్మకం కలగలేదు గనుక ఆ కాగితం చెల్లలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఆ అమలుదారు ఓడిపోయాడన్న దానికన్నా, ఆమె మాట ఏదైనా ఉంటే అది గాలిలో కలిసిపోయిందే అని దిగులేసింది.

మర్నాడే పల్లెకు వెళ్లాను. అత్త వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. "వీలునామా రాశావటగా అత్తా?" అన్నాను.

"ఏమో తల్లీ, ఏందో కాగితం తెచ్చినాడు, పాసుపుస్తకానికి కావాలన్నాడో, వీలునామా అన్నాడో. చేతులకంతా మట్టి. పెన్ను పట్టుకుంటానబ్బీ అంటే, ఎందుకులే పెద్దమ్మా వేలు పెట్టు చాలన్నాడు. పెట్టినా."

"చదివి వినిపించారా?"

"టైమేదీ? బస్సుకు పోవాలన్నాడు."

కాగితం చివర మాత్రం శుభ్రంగా ఉంది, "నాకు చదివి వినిపించగా విని, సమ్మతించి వేయించిన వేలిముద్ర" అని. ఆ వాక్యం లేని దస్తావేజు నేనింతవరకూ చూడలేదు. దాన్ని నిజంగా చదివి వినిపించిన దస్తావేజులు ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

నేను చదివాను. నిదానంగా, ఒక్కొక్క వాక్యం ఆపి ఆపి. సర్వే నంబర్ల దగ్గర తల ఊపింది. మిద్దె దగ్గర ఊరుకుంది. "నాకు సంతానము గానీ, నా మంచిచెడ్డలు చూచువారు గానీ వేరెవ్వరును లేనందున" అన్న చోట చేతిలోని కాయ కింద పెట్టేసింది.

"ఎవరూ లేరని నేను ఎందుకంటానే? ఆ పిల్ల లేదా? పొద్దున్నే నా తల దువ్వేది ఎవరు? నువ్వు లేవా?"

ఆమెకు కోపమొచ్చింది ఎకరాల గురించి కాదు చూశారా. తన నోట తాను అనని మాట పెట్టారనే.

ఆ వారమంతా మా ఇంట్లో పెద్ద రభస. ఆ అబ్బాయి తండ్రి, అంటే అత్తకు మరిది, వచ్చి కూర్చున్నాడు. "రిజిస్టరాఫీసుకు తీసుకుపోయి రిజిస్టరు చేయిస్తే అయిపాయె, ఇంక ఎవడేమంటాడు" అన్నాడు. మనలో చాలామంది నమ్మకం ఇదే. ముద్ర పడితే బ్రహ్మదేవుడు కూడా చెరపలేడని. కానీ రాణీ పూర్ణిమాదేవి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, వీలునామా రిజిస్టరయినంత మాత్రాన అనుమానాలు తొలగిపోవు అని. రిజిస్ట్రారు ఎదుట ఆ మనిషికి అందులోని సంగతులు తెలిశాయా, తెలిసే ఒప్పుకుందా అన్నది చూస్తారు. రిజిస్ట్రేషను మంచిదే, కాగితం పోదు, తారీఖు మారదు. తప్పనిసరి మాత్రం కాదు. స్టాంపు కాగితమూ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు.

తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు. "అయినా అది మా అన్న భూమి. ఆమె బతికినన్నాళ్లు తినాల్సిందేగానీ ఇంకొకరికి రాసేదానికి ఆమెకు హక్కెక్కడిది?"

ఈ మాటకు జవాబు మన నెల్లూరులోనే ఉంది. తులశమ్మ అనే ఆమె భర్త 1931లో పోయాడు. మరిది శేషారెడ్డితో కలిసి ఉన్న ఉమ్మడి కుటుంబం. మనోవర్తి కోసం 1944లో ఆమె కోర్టుకెక్కింది. ఫీజు కట్టే శక్తి లేక పాపర్ దావా వేసింది. 1946లో డిక్రీ వచ్చాక రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు, కానీ బతికినన్నాళ్లు అనుభవించాలే తప్ప అమ్మే హక్కు లేదని షరతు పెట్టారు. ఆ తర్వాత 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకొచ్చింది. అందులో పద్నాలుగో సెక్షను, స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమానురాలు అంది. ఆ ధైర్యంతో తులశమ్మ 1961లో భూమి అమ్మింది. వెంటనే మరిది దావా. మునసబు కోర్టు మరిది పక్షం. జిల్లా కోర్టు ఆమె పక్షం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ మరిది పక్షం. చివరికి 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమెదే గెలుపంది. భర్త ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు ఆమెకు ముందునుంచీ ఉన్నదే, ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి కాబట్టి ఆ షరతు నిలవదు, పూర్తి హక్కు ఆమెదే అని. మనోవర్తి కోసం గడప దాటిన రోజునుంచి లెక్కేస్తే ముప్ఫైమూడేళ్లు. మా అత్తకైతే అంత చిక్కు కూడా లేదు. మామ పోయింది 1956 చట్టం వచ్చిన చాలా ఏళ్లకు. పిల్లలు లేరు, మామ తల్లి అంతకుముందే పోయింది. స్వార్జితమైన ఆ భూమి భార్యగా ఆమెకు సంపూర్ణ హక్కుతో వచ్చింది.

మరిదిగారికి ఈ సంగతంతా చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. ఆయన "అయితే వీలునామా వద్దే వద్దు, చట్టప్రకారం ఎట్లా పోవాలో అట్లా పోనీ" అని లేచి వెళ్లిపోయాడు.

చట్టప్రకారం ఎట్లా పోతుందో కూడా ప్లీడరుగారిని అడిగాను. పిల్లలు, భర్త లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె ఆస్తి ముందు వెళ్లేది భర్త వారసులకు. అంటే మా అత్త భూమి మరిదికీ, మామ అక్కచెల్లెళ్లుంటే వాళ్లకూ. ఈ ఆడపడుచు ఒకామె ధర్మవరంలో ఉంది పాపం, అబ్బాయి తెచ్చిన వీలునామాతో ఆమె భాగం ఎగిరిపోయేది, అది వేరే సంగతి. కానీ పొద్దున్నే తల దువ్వే పిల్లకు మాత్రం ఏ దారిలోనూ గవ్వ రాదు. ఎందుకంటే ఆమె అత్త పుట్టింటి వైపు.

ఇంతకంటే కష్టమైన కేసు ఒకటుంది, 2009లో సుప్రీంకోర్టు తీర్పు. నారాయణీదేవి అనే ఆమెకు పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తవారు ఇంట్లోంచి పంపేశారు. పుట్టింటివారు చదివించారు, ఉద్యోగం చేసుకుంది, కూడబెట్టుకుంది. వీలునామా రాయకుండా 1996లో కన్నుమూసింది. ఆమె సొంత సంపాదన ఎవరికి పోయిందనుకుంటున్నారు? చదివించిన పుట్టింటికి కాదు. ఆ భర్తగారి అక్కచెల్లెలి కొడుకులకు. జాలిపడి చట్టం మార్చలేం, చట్టం ఇలాగే ఉంది అన్నారు జడ్జీలు. పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే పిల్లలు లేనప్పుడు పుట్టింటి వైపు తిరిగి వెళుతుంది గానీ, తాను చెమటోడ్చి సంపాదించినది వెళ్లదు. ఆ కేసు విన్న రోజు నేను ఇంటికొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఒక్క తెల్ల కాగితం, రెండు సాక్షి సంతకాలు ఉండి ఉంటే అయిపోయేది గదా.

అందుచేత వీలునామా వద్దనడం కుదరదు. రాయాలి, అది మన మాటేనని పదిమందికీ తెలిసేలా రాయాలి. సొంతవాళ్లను కాదని ఇంకెవరికో ఇచ్చినంత మాత్రాన వీలునామా అనుమానాస్పదం కాదు. మామూలుగా పోయే దారిని మార్చడానికే గదా అసలు వీలునామా రాసేది అని 1995లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. ఎందుకు ఇస్తున్నామో రెండు ముక్కలు అందులోనే రాస్తే మంచిదని ప్లీడరుగారి సలహా. సంతకం వచ్చినవాళ్లు సంతకమే పెట్టాలి. సాక్షులు ఇద్దరు తక్కువ కాకుండా ఉండాలి, మనం పెట్టడం వాళ్లు చూడాలి, వాళ్లు పెట్టాలి. మనకంటే వయసులో చిన్నవాళ్లయితే మేలు. ఎందుకంటే రేపు తగాదా వస్తే, సాక్షుల్లో బతికి ఉన్నవాళ్లు ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది అరవై ఎనిమిదో సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అరవై ఏడోది. మంచాన ఉండి రాస్తుంటే డాక్టరు చేత ఒక చీటీ రాయించుకోవాలి. మన పల్లెటూళ్ల ఆస్తికి హిందువులు ఇక్కడ రాసుకున్న వీలునామాకైతే, కోర్టునుంచి ప్రొబేటు తెచ్చుకుని తీరాలన్న నిర్బంధం లేదు. బతికి ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ఈ ఒక్క మాట వినేసరికి మా అత్త మొహం విప్పారింది. "అట్లయితే ఆ వేలిముద్ర పోతుందా?" అంది. పోతుందన్నాను.

అప్పుడొచ్చింది నాకు అసలు చిక్కు.

కొత్తగా రాయడానికి నేనే పూనుకున్నాను గదా. ప్లీడరుగారితో మాట్లాడింది నేను, కాగితం తెచ్చింది నేను, ఎవరెవరికి ఏమివ్వాలనుకుంటున్నావో చెప్పు అని అత్త పక్కన కూర్చున్నదీ నేనే. మా ఆయన అమలుదారు. అత్త వేళ్లు మడిచి లెక్కపెడుతూ చెప్పసాగింది. మిద్దె ఆ పిల్లకు, మెట్ట చేను దున్నినవాడికి, మడి... అని ఆగి, నా మొహం చూసి, "మడిలో సగం నీకు" అంది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వద్దనడానికి నోరు రాలేదు. బోరు కింద మడి, అందులో సగమంటే మా ఇంట్లో తక్కువేమీ కాదు. పైగా ఆమె మనసారా ఇస్తున్నది, నేను అడగలేదు. అయితే ఆ క్షణాన వెంకటాచల అయ్యంగార్ కేసు గుర్తుకొచ్చి ఒళ్లు జల్లుమంది. లాభపడే మనిషే ముందు నిలబడి రాయిస్తే. రేపు కోర్టులో నిలబెట్టి "రాయించింది ఎవరమ్మా?" అని అడిగితే నేనేం చెప్పాలి? ఆ అబ్బాయి చేసిందీ నేను చేస్తున్నదీ, జడ్జీ గారి కుర్చీలోంచి చూస్తే తేడా ఏం కనిపిస్తుంది? నేను చదివి వినిపించాను, అతను వినిపించలేదు, అంతేగా. ఆ మాట నేను చెబితే నమ్మాలన్న రూలెక్కడుంది? నా అరెకరం వల్ల ఆ పిల్ల మిద్దె కూడా పోతే?

"అత్తా, నువ్వు నాకు ఇచ్చినా ఇవ్వకున్నా నీ ఇష్టం. కానీ నా ఎదుట చెప్పవద్దు" అని లేచాను. ఆమెకు అర్థం కాలేదు. కోపగించుకున్నాననుకుంది. ఎంత నచ్చజెప్పినా, "మీ నాయన మాదిరే నీకూ పౌరుషం" అని సణుగుతూనే ఉంది.

మా ఆయన అమలుదారు పని తనకొద్దన్నారు. ఆ ఊరిలో పిల్లలకు ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయిన మాస్టారొకరున్నారు. ఆయనకు ఎవరి భూమితోనూ పని లేదు. ఆయన్ను ఒప్పించాం. ప్లీడరుగారి గుమాస్తా కదిరినుంచి ఒక ఆదివారం వచ్చాడు. సాక్షులుగా ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మ, అంగన్‌వాడీ టీచరు. ఇద్దరూ చిన్నవయసువాళ్లు, ఇద్దరికీ అత్తతో రోజూ మాటలే గాని చుట్టరికం లేదు. ఆ అబ్బాయిని కూడా ఊరవతలికి పంపమన్నారు, అతను గొణుక్కుంటూ చేను వైపు వెళ్లాడు. ఆ పిల్లను పక్కింట్లో కూర్చోబెట్టారు.

నేను చింతచెట్టు కింద కూర్చున్నాను. లోపల గుమాస్తా చదువుతున్న గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. మధ్యలో ఒకసారి అత్త "ఆ మాట మళ్లీ చదువు నాయనా" అనడం వినిపించింది. ఇంకోసారి "అట్లా కాదు, నేను చెప్పినట్టు రాయి" అంది. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. అప్పుడు సంతకం పెడుతోందని నాకు తెలిసింది. ఆమె పేరులో ఐదక్షరాలున్నాయి, ఒక్కొక్కటి రాయడానికి అంతసేపు పడుతుంది.

బయటికొచ్చి నాకు మజ్జిగ ఇచ్చింది. ఏం రాయించావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ కవరు మాస్టారి దగ్గర ఉంది. అందులో బోరు కింద మడి సంగతి ఏమని ఉందో నాకు ఈరోజుకీ తెలియదు.